అలసిన దేహము, అరిగిన చెప్పు: ఆంగ్ల విశేషణముల పోర్చుగీసు అనువాదముపై ఒక విమర్శ

ఆదికాండము 18:12లో శారా తనలో తాను నవ్వుకొంటూ తన శరీరమును గూర్చి ఒక మాట అన్నది. అక్కడ వాడబడిన హెబ్రీ క్రియ 'బాలా'. బట్ట చివికిపోయినప్పుడు, చెప్పు అరిగిపోయినప్పుడు హెబ్రీయులు వాడిన క్రియ అదే. కింగ్ జేమ్స్ అనువాదము ఇక్కడ 'ముసలిదానినైన' అనే భావమునిచ్చే మాటతో సరిపెట్టుకొన్నది. తరువాత వచ్చిన ఆంగ్ల అనువాదములు కొన్ని 'వోర్న్ అవుట్' అన్నాయి. ఈ ఆంగ్ల మాట చెప్పుకూ చెల్లుతుంది, మనిషికీ చెల్లుతుంది. కనుక హెబ్రీ క్రియలోని కఠినత్వము అందులో కొంతవరకు నిలిచింది.

ఇప్పుడు ఈ ఆంగ్ల మాటను ఆధారము చేసుకొని వ్రాసిన ఒక వ్యాఖ్యానమును బ్రెజిలులో ఒక అనువాదకుడు పోర్చుగీసులోకి తర్జుమా చేయుటకు కూర్చున్నాడనుకొందాము. మొదటి పేజీలోనే అతని కలము ఆగిపోతుంది. చెప్పుకూ మనిషికీ ఒకే రీతిగా చెల్లే సహజమైన విశేషణము అతని భాషలో చేతికి అందదు. దొరికిన ఒక్క మాట స్త్రీ విషయములో వాడితే నింద అవుతుంది. ఇటువంటి చిక్కులను కొన్నిటిని ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

పోర్చుగీసు మనకెందుకని కొందరు పాఠకులు అడుగవచ్చు. మన పల్లెలలో బోధకుని పిలిచే 'పాదిరి' అనే మాట ఆ భాష నుండి వచ్చినదే. పోర్చుగీసు బైబిలుకు పేరునిచ్చిన జువావు ఫెర్రేయిరా ద అల్మేదా జన్మించినది పోర్చుగల్‌లోనే అయినా, జీవితకాలమెక్కువ గడిపినది ఆసియాలో. మలక్కాలో, బటావియాలో, సింహళములో, మన తూత్తుకుడిలో కూడ ఆయన పరిచర్య చేశాడు. ఆయన క్రొత్త నిబంధన 1681లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినది. పాత నిబంధనను యెహెజ్కేలు గ్రంథము చివరి భాగము వరకు తెచ్చి 1691లో ఆయన మరణించగా, మిగిలినది యాకోబుస్ ఓప్ డెన్ అక్కర్ 1694లో పూర్తిచేశాడు. 18వ శతాబ్దములో తరంగంబాడి మిషనరీలు తమ ముద్రణాలయములో తమిళముతోబాటు పోర్చుగీసు పుస్తకములు కూడ అచ్చువేశారు. అంతకన్న ముఖ్యమైన కారణము మరొకటి ఉన్నది. బ్రెజిలు కాపరులు చదివే వ్యాఖ్యానములు, భక్తి పుస్తకములు అనేకము ఆంగ్లము నుండి వచ్చినవే. మన విద్యార్థులు చేయునదీ అదే. ఆంగ్ల వ్యాఖ్యానము చదివి, ఆంగ్ల విశేషణము మీద ప్రసంగము కట్టి, తెలుగు బైబిలు తెరిచి చదివేసరికి ఆ విశేషణము అక్కడ కనబడదు. మన ఇంటి తప్పు మనకు కనబడనప్పుడు ప్రక్కింటిని చూచుట కొంత మేలు చేస్తుంది.

ఈ వ్యాసములో పోర్చుగీసు మాటలను వాటి అక్షరక్రమమునకు దగ్గరగా తెలుగు లిపిలో ఇస్తున్నాము. బ్రెజిలులో ఒక రీతిగా, పోర్చుగల్‌లో మరొక రీతిగా పలుకుతారు గనుక ఉచ్చారణ విషయములో పాఠకులు మమ్మును క్షమింతురు గాక.

వస్తువుకొక మాట, మనిషికొక మాట

ఆంగ్లములో 'టైర్డ్', 'వియరీ', 'వోర్న్', 'వోర్న్ అవుట్', 'స్పెంట్', 'ఎగ్జాస్టెడ్', 'ఫెయింట్' అనే మాటలు ఒకదానిలోనికి ఒకటి ఒరుసుకొంటూ ఉంటాయి. పాత తివాచీని కూడ 'టైర్డ్' అని హాస్యముగా అనవచ్చు. ముఖమును 'వోర్న్' అనవచ్చు. అరుగుదల నుండి అలసటకు, అలసట నుండి అరుగుదలకు ఆంగ్లములో అడ్డుగోడ చాల తక్కువ ఎత్తుగా ఉన్నది.

పోర్చుగీసులో ఆ గోడ ఎత్తైనది. మనిషి అలసితే 'కన్సాదు'. మెట్టు అరిగితే, చెప్పు అడుగు అరిగితే 'గాస్తు'. ఒరిపిడికి దారములు తేలిన చొక్కా మోచేయి 'పుయీదు'. ఎన్నాళ్లుగానో వాడి వన్నె తగ్గిన బట్టను బ్రెజిలులో 'సుర్రాదు' అంటారు. దెబ్బలు తిన్నది అని దాని మూలార్థము. 'ఉజాదు' అంటే వాడినది; బట్టల విషయములో ఇది ఇతరులు వాడి వదిలినవి అనే అర్థమునకు పోతుంది. ఆంగ్లములోని 'వోర్న్'ను చూచి తొందరపడి ఈ మాట వ్రాసినవాడు గిబియోనీయుల చేత పాతబట్టల అంగడిలో బేరము చేయించినవాడవుతాడు. 'ఎస్గొతాదు' అనే మాటలో చివరి బొట్టు వరకు ఇంకిపోవుట అనే భావమున్నది. అలసి సొలసిన మనిషికి అది చెల్లుతుంది. అమ్ముడుపోయి దొరకని పుస్తకమునకు కూడ చెల్లుతుంది.

గోడ ఎత్తైనదన్నాము గాని, దానిలో కిటికీలు లేకపోలేదు. సారము తగ్గిన నేలను బ్రెజిలు రైతులు 'తెర్ర కన్సాద', అనగా అలసిన నేల అంటారు. వయసుతో దగ్గరి అక్షరములు కనబడని చూపును 'విస్త కన్సాద', అలసిన చూపు అంటారు. నేల, కన్ను పని చేసేవి కనుక అలసిపోగలవు. గోనెసంచి పని చేయదు, అది అలసిపోదు. ఈ తర్కము మనకు వింతేమీ కాదు. మనము కూడ చెప్పు అరిగిందంటాము, గుడ్డ చివికిందంటాము, మనిషి డస్సిపోయాడంటాము. 'నలిగిపోయాడు' అన్నప్పుడు మాత్రము గుడ్డ, మనిషి కలిసిపోతారు.

శారా, గోనెలు, దేవుని సున్నితత్వము

యెహోషువ 9వ అధ్యాయములో గిబియోనీయుల గోనెలు, ద్రాక్షారసపు సిద్దెలు, చెప్పులు, బట్టలు అన్నిటికీ హెబ్రీలో 'బాలా' నుండి పుట్టిన ఒకే విశేషణము మరల మరల వస్తుంది. ద్వితీయోపదేశకాండము 8:4లో అరణ్యములో పాతగిలని బట్టలకు ఆ క్రియయే. కీర్తన 32:3లో పాపము ఒప్పుకొనని దావీదు ఎముకలకు కూడ అదే. శారా ఈ వరుసలో నిలుచున్నది. తాను ముసలిదానినైనానని మాత్రమే ఆమె చెప్పుట లేదు. వాడి వాడి చివికిన గుడ్డనని చెప్పుకొంటున్నది. భర్తను గూర్చి మాత్రము 'జాకేన్' అని, అనగా వృద్ధుడైనాడని, గౌరవమైన క్రియ వాడుతున్నది.

13వ వచనములో ప్రభువు ఆమె మాటను అబ్రాహాముతో తిరిగి చెప్పునప్పుడు రెండు మార్పులున్నవి. భర్త వయసును గూర్చి ఆమె అన్న మాటను ఆయన విడిచిపెట్టాడు. ఇంటిలో సమాధానము కొరకే ఇట్లు చేశాడని యూదుల వ్యాఖ్యాన సంప్రదాయము గమనించింది. రెండవ మార్పును ప్రసంగికులు తక్కువగా గమనిస్తారు. తన్ను గూర్చి ఆమె వాడుకొన్న కఠినమైన మాటను ఆయన తన నోటితో పలుకలేదు. 'బాలా' స్థానములో 'జాకేన్' వచ్చింది. తన్ను తాను చివికిన గుడ్డ అనుకొన్న స్త్రీని దేవుడు వృద్ధురాలని మాత్రమే అన్నాడు.

అల్మేదా పేరిట వాడుకలో ఉన్న పోర్చుగీసు పాఠములలో ఇది ఏమైనదో చూడుడి. 1898 నాటి సవరణ నుండి వచ్చిన 'రెవీస్త ఎ కొర్రిజీద' పాఠములో 12వ వచనములోనూ 13వ వచనములోనూ శారాకు ముసలితనము పైబడుట అనే ఒకే క్రియ ఉన్నది. 1959లో వెలువడిన 'రెవీస్త ఎ అతువలిజాద' పాఠములో శారాకు 'వెల్య', అబ్రాహామునకు 'వెల్యు', మరల శారాకు 'వెల్య'. ముగ్గురికి కాదు, ఇద్దరికే. అయినా మూడు చోట్లా ఒకే మాట. 'వెల్యు' మనిషికీ గోనెకూ రెంటికీ చెల్లే మాట గనుక గిబియోనీయుల సంచులతో శారాకున్న బంధము పోర్చుగీసులో తెగలేదు. అది ఒక లాభము. కాని శారా మాటకు దేవుని మాటకు మధ్యనున్న దూరము తుడిచిపెట్టుకొని పోయింది. మా దృష్టిలో నష్టమే ఎక్కువ.

తెలుగులో దీనికి సరిగా ఎదురుగా జరిగింది. మన బైబిలు శారాను 'బలము ఉడిగినదాన'ను చేసింది, 13లో 'వృద్ధురాల'ను చేసింది. దేవుని సున్నితత్వము తెలుగు చదువరికి అందుతుంది. గోనెలతో ఉన్న బంధము మాత్రము తెలియదు. ఆంగ్లములో 'వోర్న్ అవుట్' అని శారాకూ గిబియోనీయుల సామగ్రికీ ఒకే మాట వాడిన ఈఎస్‌వి వంటి అనువాదము రెంటినీ కాపాడింది. ఈ ఒక్క చోట ఆంగ్లము అదృష్టవంతురాలు.

కనుక ఆంగ్ల వ్యాఖ్యాత 'ఈమె ఆ చెప్పుల వంటిది' అని వ్రాస్తే పోర్చుగీసు అనువాదకుడు ఏమి చేయాలి? 'గాస్త' అని వ్రాయవచ్చు. కాని ఒక స్త్రీని ఆ మాట అనుట పోర్చుగీసులో మోటుగా, అవమానముగా వినబడుతుంది. 'దెస్గస్తాద' అనవచ్చు. అది నేడు ఎక్కువగా సంబంధములకు, నరములకు, రాజకీయ నాయకుల పేరుప్రతిష్ఠలకు వాడే మాట. వార్తాపత్రిక వాసన వస్తుంది. అవమానమును తప్పించుటకు 'వెల్య' అంటే వ్యాఖ్యాత వాదమే కూలిపోతుంది. శారా తన్ను తాను అన్న మాట మోటుగానే ఉన్నదని మేము అనుకొంటున్నాము. తనలో తాను నవ్వుకొన్నది, ఎవరూ వినుటలేదనుకొన్నది. అటువంటి వేళ మనుష్యులు తమ్మును గూర్చి మర్యాదగా మాటలాడుకొనరు. కనుక ఆ చోట మోటుదనమును ఉంచి, చెప్పునో బట్టనో ఉపమానముగా ప్రక్కన నిలిపి వ్రాయుటయే ఉత్తమము. గుడ్డ ప్రక్కనుంటే 'గాస్త' అనే మాటలోని నింద గుడ్డ మీదికి కొంత జారుతుంది.

యెషయా 40లో తారుమారైన జంట

యెషయా 40:28-31లో అలసటకు రెండు హెబ్రీ క్రియలున్నవి: 'యాఎఫ్', 'యాగా'. 28లో దేవుడు ఈ రెండూ ఎరుగడు. 30లో యౌవనులు రెండూ ఎరుగుదురు. 31లో పరుగెత్తుటకు 'యాగా', నడచుటకు 'యాఎఫ్' జతచేయబడినవి. కింగ్ జేమ్స్ పాఠము మొదటిదానికి 'ఫెయింట్', రెండవదానికి 'వియరీ' అని నిర్ణయించి చివరివరకు ఆ నిర్ణయమును తప్పలేదు. మన తెలుగు అనువాదకులు కూడ అట్లే చేశారు. 'సొమ్మసిల్లు' ఒకదానికి, 'అలయు' మరొకదానికి. 31లో హెబ్రీ వరుస మారినప్పుడు తెలుగు వరుస కూడ మారింది. పాఠకులు తమ బైబిలు తెరిచి ఒక్కొక్క వచనము చూచుకొనవచ్చు. ఎంత శ్రద్ధగా చేసిన పని అది!

పోర్చుగీసులో ఆ జంట 'కన్సార్-సి', 'ఫతిగార్-సి'. 28లో మొదటిది యాఎఫ్‌కు, రెండవది యాగాకు. 30లోనూ అంతే. 31కి వచ్చేసరికి పరుగెత్తువారు 'కన్సార్' కారు, నడచువారు 'ఫతిగార్' కారు అని ఉన్నది. అనగా హెబ్రీ వరుస మారినా పోర్చుగీసు వరుస మారలేదు; జంట తారుమారైనది. రెవీస్త ఎ కొర్రిజీదలోనూ అతువలిజాదలోనూ ఇదే పరిస్థితి. చెవికి ఇంపైన వరుసను విడిచిపెట్టలేకపోయారేమో. 'కన్సార్' వాడుక మాట, 'ఫతిగార్' కొంచెము బరువైన మాట. చిన్నది ముందు, పెద్దది వెనుక అనే లయ మూడు వచనములలో కొనసాగింది.

కవిత్వములో ఇది గొప్ప దోషము కాదని వాదించవచ్చు. హెబ్రీ సమాంతర పాదములలో పర్యాయపదములు ఒకదానితో ఒకటి స్థలము మార్చుకొనుట సహజమే గదా అనవచ్చు. మూలగ్రంథములో మార్చుకొంటే సహజమే. అనువాదములో మారకుండ నిలిచినప్పుడు ఇబ్బంది వస్తుంది. ఎందుకంటే 29లో బలము పొందేవాడు 'యాఎఫ్' అయినవాడు, 31లో నడచువాని నుండి తొలగింపబడినది కూడ ఆ 'యాఎఫ్' అయిన స్థితియే. ఇచ్చిన వాగ్దానము, నెరవేరిన వాగ్దానము ఒకే మాటతో ముడివేయబడినవి. తెలుగులో 'సొమ్మసిల్లినవారు' అక్కడ, 'సొమ్మసిల్లక' ఇక్కడ. పోర్చుగీసులో 29లో 'కన్సాదు' అయినవాడు బలము పొందుతాడు, 31లో నడచువానికి వేరొక మాట వస్తుంది.

ఇక ఆంగ్ల ప్రసంగమును అనువదించేవాని కష్టము వేరు. ఎగురుట, పరుగెత్తుట, నడచుట అనే మూడు మెట్లలో నడచుటయే మిక్కిలి కష్టమని, కనుక 'ఫెయింట్' అనే మాట అక్కడ పెట్టబడినదని బోధించే ఆంగ్ల ప్రసంగములు అందరము విన్నాము. మేము కూడ ఒకప్పుడు తరగతిలో ఆ వాదమును హెబ్రీ తెరువకనే చెప్పాము; ఒక విద్యార్థి తెలుగు బైబిలు చేతబట్టుకొని 28వ వచనములో దేవునికి కూడ ఆ మాటే ఉన్నది గదా అని అడిగినప్పుడు జవాబు వెదకుకొనవలసి వచ్చింది. పోర్చుగీసు అనువాదకుడు ఆంగ్ల 'ఫెయింట్'ను నిఘంటువు చూచి 'దెస్మయార్' అని వ్రాస్తే, అది స్పృహ తప్పి పడిపోవుట. నడుస్తూ నడుస్తూ స్పృహ తప్పి పడుట వైద్యునికి సంబంధించిన సంగతి. 'దెస్ఫలెసేర్' అంటే నయము, కాని అది చదువరి చేతిలోని బైబిలులో లేదు. ఇటువంటి చోట పాదసూచిక ఒకటే గతి. అనువాదకులు పాదసూచికకు సిగ్గుపడరాదు.

దేని వలన, దేనితో

పోర్చుగీసులో 'కన్సాదు ద' అనే కూర్పు ఒకటి ఉన్నది. దీనికి రెండు అర్థములు. ప్రయాణము వలన అలసిన వాడు అనేది ఒకటి, ప్రయాణముతో విసిగిన వాడు అనేది మరొకటి. ఆంగ్లములో చిన్న అవ్యయము మారితే అర్థము మారుతుంది. తెలుగులో మాటే మారుతుంది: అలసట, విసుగు. యోహాను 4:6లో బావి యొద్ద కూర్చుండిన యేసును పోర్చుగీసు పాఠములు 'కన్సాదు' అన్నాయి. ఒక పాఠములో దారి, మరొక పాఠములో ప్రయాణము దానికి కారణముగా చెప్పబడినవి. గలతీయులకు 6:9లో మేలు చేయుటకు సంబంధించి కూడ ఆ క్రియయే. మన బైబిలులో అక్కడ 'విసుకక' అని ఉన్నది, గ్రీకు మూలములో కూడ వేరే క్రియ ఉన్నది.

సాధారణ చదువరి ఈ రెంటి మధ్య తికమకపడడని బ్రెజిలు మిత్రులు అనవచ్చు. సందర్భము కాపాడుతుంది, నిజమే. కాని ఆంగ్ల భక్తి పుస్తకములలో ఈ రెండు భావములను ఒకదానికొకటి ఎదురు నిలిపి వాదము కట్టుట చాల తరచు: పరిచర్య చేయుటలో అలసిపోవచ్చు గాని పరిచర్యతో విసిగిపోరాదు అని. ఈ వాక్యమును 'కన్సాదు' తోనే రెండు మారులు వ్రాస్తే పోర్చుగీసులో అర్థము లేని వాక్యము మిగులుతుంది. రెండవ చోట 'ఫార్తు', అనగా విసిగి వేసారినవాడు, అనే మాట తేవాలి. ఈ మాట అందుబాటులో ఉండగా 'కన్సాదు'ను రెండు చోట్లా వాడుట సోమరితనము.

యోహాను 4లో మరొక సంగతి ఉన్నది, ఇది మన తెలుగును కూడ తప్పుపట్టుతుంది. 6వ వచనములో యేసు అలసటకు వాడిన గ్రీకు క్రియ 'కొపియావో'. 38వ వచనములో ఇతరులు పొలములో పడిన కష్టమునకు కూడ అదే క్రియ. బావి యొద్ద అలసి కూర్చున్నవాడే శిష్యులతో కోతను గూర్చి మాటలాడుతున్నాడు. ముందుగా శ్రమించినది ఎవరో ఆ క్రియ చెప్పక చెప్పుతున్నది. పోర్చుగీసులో 6లో 'కన్సాదు', 38లో పని చేయుట. తెలుగులో 6లో అలసట, 38లో కష్టము. ఎవరి చదువరికీ ఈ ముడి కనబడదు. ఆంగ్లములో కూడ 'వియరీడ్' ఒక చోట, 'లేబర్' మరొక చోట.

భారము మోయువారు ఎవరు?

ఈ 'కొపియావో'యే మత్తయి 11:28లో ఉన్నది. తెలుగువారు అక్కడ 'ప్రయాసపడి' అన్నారు. రోమీయులకు 16:12లో త్రుఫైనా, త్రుఫోసా అనే స్త్రీల పరిచర్యకు కూడ మన బైబిలు ఆ మాటే వాడింది. కింగ్ జేమ్స్ కూడ రెండు చోట్లా 'లేబర్' అనే అంటుంది. పోర్చుగీసులో మత్తయిలో 'కన్సాదుస్', రోమాలో పని చేయుట. ఆంగ్లములో కొన్ని అనువాదములు 'వియరీ' అని మారినప్పుడు అవి కూడ పోర్చుగీసు దారినే పట్టినవి. గ్రీకు క్రియలో శ్రమ, శ్రమ ఫలితమైన అలసట రెండూ ఉన్నవి గనుక ఎవరినీ తప్పు అనలేము. కాని విశేషణము వచ్చి క్రియ పోయినప్పుడు ఏమి జరుగుతుందో చూడాలి. క్రియలో చేయువాడు ఉంటాడు: రాళ్లు మోసేవాడు, వల లాగేవాడు, ధర్మశాస్త్రపు కట్టడలను నెత్తిన పెట్టుకొని నడిచేవాడు. విశేషణములో ఒక స్థితి మాత్రమే మిగులుతుంది. సోఫాలో కూర్చొని కూడ 'కన్సాదు' కావచ్చు.

దీనికి జతగా రెవీస్త ఎ కొర్రిజీదలో వచ్చిన మాట 'ఓప్రిమీదుస్'. అణచివేయబడినవారు అని అర్థము. లాటిన్ అమెరికాలో 1970ల తరువాత విమోచన వేదాంతము ఈ మాటకు ఒక రాజకీయ బరువునిచ్చింది. పెంతెకొస్తు సంఘములలో అది మరొక దిక్కుకు పోయింది. అపొస్తలుల కార్యములు 10:38లో అపవాది చేత పీడింపబడినవారికి ఆ పాఠములోనే 'ఓప్రిమీదుస్' అని ఉన్నది గనుక, మత్తయిలో కూడ దయ్యముల పీడయే అని వినే చెవులున్నాయి. గ్రీకులో మత్తయి మాట బరువు ఎక్కింపబడిన బండికి, పశువుకు, ఓడకు చెందినది. అపొస్తలుల కార్యములలోని మాట వేరు. అతువలిజాద సవరణలో 'సోబ్రెకరెగాదుస్', అధిక భారము ఎక్కింపబడినవారు, అని మార్చుట ఎంతైనా మెచ్చదగినది. ఒకే ఒక్క మాట మార్చి రెండు అపార్థములను తొలగించారు.

యూజీన్ పీటర్సన్ ఆంగ్లములో ఈ వచనమును విస్తరించి వ్రాసినప్పుడు అలసటకు మూడు విశేషణములు ఒకదాని వెంట ఒకటి పేర్చాడు: 'టైర్డ్', 'వోర్న్ అవుట్', 'బర్న్డ్ అవుట్'. మూడవదానికి మతమును కారణముగా చేర్చాడు. ఆయన 'ద మెసేజ్' క్రొత్త నిబంధన 1993లో, బైబిలు మొత్తము 2002లో వచ్చినవి. పోర్చుగీసులో 'ఆ మెన్సాజెం' పేరిట ఉన్నది. ఈ మూడింటిని పోర్చుగీసులోకి తేవలసినవాని పరిస్థితి ఆలోచించండి. మొదటిది 'కన్సాదు', సందేహము లేదు. రెండవది మనిషికి చెప్పు అరుగుదల తగిలించుట. 'గాస్తు' అంటే జీవితము చాలించుకొన్నవాడు అనే ధ్వని వస్తుంది, 'ఎస్గొతాదు' అంటే అరుగుదల పోయి ఇంకిపోవుట వస్తుంది. మూడవది కాలి బూడిదయగుట. కాని ఆ ఆంగ్ల కూర్పులో మతము వలన అలసట కన్న మతముతో విసుగే ఎక్కువ. కనుక 'ఎస్గొతాదు'ను మూడవదానికి ఖర్చుపెడితే అలసట వస్తుంది గాని విసుగు రాదు. 'ఫార్తు' వాడితే విసుగు వస్తుంది గాని నిప్పు ఆరిపోతుంది. పైగా నేడు 'బర్న్‌అవుట్' అనే ఆంగ్ల మాట బ్రెజిలులో యథాతథముగా వైద్య పరిభాషగా స్థిరపడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులో ఉన్న తన వర్గీకరణలో దానిని వృత్తి సంబంధమైన స్థితిగా చేర్చింది, వ్యాధిగా కాదు. కాపరుల క్షేమమును గూర్చిన పుస్తకములలో ఈ మాట చూచినప్పుడెల్ల మత్తయి 11:28ను జతచేయు అలవాటు పెరిగింది. ఆ వచనము ఉద్యోగి మానసిక ఒత్తిడికి మందుచీటీ అయిపోవుట మాకు సమ్మతము కాదు. తరువాతి వచనములోనే యేసు కాడిని ఎత్తుకొనుమంటున్నాడు. కాడి పని చేయువానికి ఇచ్చేది.

ఇంతవరకు పోర్చుగీసును ఎక్కువగా తప్పుపట్టాము. అది మిగతావారికన్న బాగుగా చెప్పిన చోట్లు కూడ చూపకపోతే అన్యాయము. 'ఉన్నాడు' అనుటకు ఆ భాషలో రెండు క్రియలున్నవి. 'సేర్' స్వభావమునకు, 'ఎస్తార్' ప్రస్తుత స్థితికి. ఆంగ్లములో ఒకడు 'వియరీ' అంటే అది ఈ పూట అలసటో, జీవితకాలపు నిర్వేదమో తెలియదు. పోర్చుగీసు చదువరికి మత్తయి 11:28లో 'ఎస్తార్' వినబడుతుంది. ఈ అలసట వచ్చినది, పోగలదు. యెషయా 50:4లో సేవకుడు ఎవనికి మాట చెప్పుటకు నేర్చుకొన్నాడో ఆ అలసినవానిని కొర్రిజీద పాఠము ఒక చిన్న ఉపవాక్యముతో, 'ఎస్తార్'తో చెప్పింది. అతువలిజాద దానిని కుదించి ఒట్టి విశేషణము చేసింది. ఒకచోట మెచ్చుకొన్న సవరణను మరొకచోట తప్పుపట్టక తప్పదు.

రెండవది కొరింథీయులకు రెండవ పత్రిక 12:15. పౌలు అక్కడ తన సొమ్మును, తరువాత తన్ను ఖర్చు చేసికొనుటను గూర్చి ఒకే గ్రీకు క్రియను రెండు రూపములలో వాడాడు. రెండవది కర్మణి రూపము, చివరివరకు ఖర్చయిపోవుట. ఆంగ్లములో 'స్పెండ్', 'స్పెంట్' అని బాగుగానే కుదిరింది. తెలుగులో 'వ్యయపరచు' అనే మాటలో డబ్బు ఉన్నది, అరుగుదల లేదు. పోర్చుగీసులో ఆ క్రియ 'గస్తార్'. డబ్బు ఖర్చుపెట్టుటకు, చెప్పు అరుగుటకు ఒకే క్రియ. ఖర్చు చేస్తాను, నన్ను 'గస్తార్' చేయనిస్తాను అని కొర్రిజీద పాఠములో ఉన్నది. సంతలో రోజూ వినబడే ఆ క్రియలో సంచిలోని నాణెము, కాలి క్రింది తోలు రెండూ కలిసి ఉన్నాయి. శారా విషయములో నిందగా వినబడిన ఆ మాట కుటుంబమే ఇక్కడ ఒక కాపరి తన సంఘమునకు ఇష్టపూర్వకముగా చెప్పుకొన్న మాట అయినది. ఆంగ్ల వ్యాఖ్యానముల నుండి ఈ వచనమునకు 'కన్సాదు', 'ఎస్గొతాదు' అని వివరణ తెచ్చి పోర్చుగీసులో చేర్చిన పుటలు మా కంట పడినవి. వారి చేతిలోని బైబిలు అంతకన్న మంచి మాటను ముందే చెప్పియున్నది.